మౌనపాదుకా విజయము

తీరిక కలవారలారా, వినుడు. తీరిక లేనివారును పని చేసికొనుచునే ఒక చెవి ఇటు పడవేయుడు. ఏ వేళ ఉదయభానుడు ఎదురింటి నీళ్లట్యాంకు వెనుకనుండి బద్ధకముగా తల యెత్తి, ఆరవేసిన దుప్పట్ల సందులనుండి రెండవ అంతస్తు కిటికీలోనికి తొంగిచూచుచుండునో, ఏ వేళ మెట్లమీది చెప్పుల చప్పుళ్లును, కుళాయిల గురగురలును, పక్కవాటా కుక్కరు వేయు శంఖారావమును ఏకమై దిక్కులు పిక్కటిల్లజేయుచుండునో, ఆ వేళ, ఆ అంతస్తు ముందుగదిలో, ఒక కుంటిబల్ల యెదుట, కుడిచేత టార్చిలైటును ఎడమచేత గ్లోబును ధరించి, సాక్షాత్తు సృష్టికి మేస్త్రీవలె నిలిచియుండెను భూగోళము మాస్టారు.

ఆతడు సామాన్యుడు కాడు. ఒక ఆన్‌లైను పాఠశాలకు భూగోళోపాధ్యాయుడు. కంప్యూటరు తెరమీది చిన్న చిన్న గళ్లలో కూర్చున్న బాలబాలికలకు రాత్రియు పగలును ఎట్లు కలుగునో ప్రతిదినము ప్రత్యక్షముగా చూపువాడు. టార్చి సూర్యుడు, గ్లోబు భూమి. రెండు చేతులును బ్రహ్మాండ నిర్వహణమునందే చిక్కుకొనియుండుటచే, ముక్కు దురద పెట్టినను గోకికొనుటకు మూడవ చేయి లేని మహానుభావుడు.

ఆ గదియందే, కిటికీ ప్రక్కను, పేముకుర్చీలో ఆసీనురాలై యుండును ఆతని అత్తగారు. బ్రతుకంతయు కుట్టుమిషను త్రొక్కి, చుట్టుపట్ల నున్న భుజములలో సగమింటిని టేపుతో కొలిచిన దర్జీ శిరోమణి. ఆ మిషను రొదకే చెవులు మందగించినవి. తాను గుసగుసలాడుచున్నానని ఆమె యనుకొనును. ఆ గుసగుస వీధిమలుపుదాక పోయి వచ్చును. చూపునకు వెలుతురు ఆ కిటికీ వద్దనే కలదు. ఇంటర్నెట్టు సిగ్నలును ఆ గదిలోనే కలదు. కావున ఒక ఒరలో రెండు కత్తులు ఇముడవను సామెతను పట్టించుకొనక, అల్లుడును అత్తయు ఆ గదిలోనే ఇమిడిరి.

పాఠము ఆమెకు వినబడదు. తెరమీది ముఖములు మాత్రము స్పష్టముగా కనబడును. మనిషి ముఖము కనబడినచో నోరు ఊరకుండునా?

“ఆ మూలగడిలో పిల్లకి నిద్ర చాల్లేదు, వాళ్లమ్మకి చెప్పండి” అనును. “ఆ బొద్దబ్బాయి బల్ల కింద ఏదో నములుతున్నాడు, దవడ చూడండి” అనును. పిల్లలు గళ్లు పగులునట్లు నవ్వుదురు. మాస్టారు గ్లోబు చాటున ముఖము దాచుకొనును. ఇట్లు దినములు గడచుచుండ, ఒకనాడు పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు, వచ్చుచున్నానను కబురైన లేక, కన్నెర్రజేసిన గ్రహమువలె పైవరుస గడిలో ప్రత్యక్షమయ్యెను. అత్తగారు కళ్లద్దములు సవరించుకొని, ఆ మూర్తిని ఆపాదమస్తకము కాకున్నను ఆకంఠమస్తకము పరికించి, ఆప్యాయముగా ఇట్లనెను.

“అల్లుడుగారూ, మీరు రోజూ పళ్లు నూరుకునేది ఈవిడ మీదేనా? పాపం, చూస్తే బాగానే ఉందే.”

ఆ పలుకు పిడుగై పడినంతనే, మైకు మూయుటకై మాస్టారు మౌసు మీదికి లంఘించెను. సూర్యుడు జారి నేలబడి ఆరిపోయెను. భూమి బల్ల అంచు దాటి, సప్తసముద్రములతో సహా సోఫా క్రిందికి దొర్లిపోయెను. కాని ఏమి ప్రయోజనము? పెదవి దాటినది పృథివి దాటునని పెద్దలు చెప్పియుండిరి. ఈ మాట పృథివికంటె ముందుగనే దాటిపోయెను.

ప్రధానోపాధ్యాయురాలు ఇట్లు పలికెను. “మాస్టారూ, వచ్చేవారం తల్లిదండ్రులు మీ క్లాసు చూడ్డానికి కూర్చుంటున్నారు. ఆ రోజు కూడా మీ ఇంట్లోవాళ్ల గొంతు వినిపిస్తే, ఈ క్లాసు చరిత్ర మేడమ్‌కి ఇచ్చేస్తాను. ఆవిడకి భూగోళం రాదు. కానీ వాళ్లింట్లో నిశ్శబ్దం ఉంది.”

ఆ సాయంకాలము, కళ్లద్దముల దుకాణములో దినమంతయు పరుల చూపులు పరీక్షించి అలసివచ్చిన ఇల్లాలు గడపలో చెప్పులు విప్పుచుండగనే, మాస్టారు సోఫా క్రిందినుండి ఉద్ధరించిన భూగోళమును చంక బెట్టుకొని, ఎదురేగి, గంభీరస్వరమున ప్రతిజ్ఞ చేసెను.

“అర్ధాంగీ, వినుము. హస్తద్వయము ఆకాశగోళ సేవయందు బద్ధమైయున్నను, పాదద్వయము నిరుద్యోగియై బల్ల క్రింద పడియున్నది. ఆ పాదమునకు ఉద్యోగమిచ్చెదను. తీగలను తీగలతో సంధించి, సీసమును కరిగించి, త్రొక్కినంతనే శబ్దప్రపంచమును స్తంభింపజేయు యంత్రమును నా చేతులతో నిర్మించెదను. లేనిచో ఈ గ్లోబు ముట్టను.”

“కొంచెం మామూలుగా చెప్పండి. కాళ్లు పీకుతున్నాయి.”

“మైకు ఆపే మీట కాలితో తొక్కేలా తయారుచేస్తాను.”

“అంత తంటా ఎందుకు? మైకు ఆన్‌లో ఉంటుందమ్మా అని అమ్మకి చెప్పేస్తే పోలేదా?”

“చెప్పాను. ‘నాకెందుకు బాబూ మైకం, కాఫీ తప్ప ఇంకోటి ముట్టను’ అన్నారు.”

ఇల్లాలు రెండవ చెప్పును విప్పి వంటింటిలోనికి పోయెను.

ఆదివారము మధ్యాహ్నము నిర్మాణయజ్ఞము ఆరంభమయ్యెను. మొదటి బలి ఒక ముసలి కీబోర్డు. అది పూర్వము కాఫీ త్రాగి సగము మీటలు పడిపోయి అటకమీద కాలము గడుపుచుండెను. దాని పొట్ట విప్పగనే మీటలు మిడుతల దండువలె ఎగిరి బీరువా క్రింద దూరినవి. లోపల అరచేతిలో సగమైన లేని ఒక పచ్చని పలక దొరికెను. ఏ మీట నొక్కిరో కంప్యూటరునకు చెప్పు మంత్రి అదియే. ఎమ్ అను అక్షరము నొక్కిన పాఠశాలవారి తెరలో మైకు మూసికొనును, మరల నొక్కిన తెరచికొనును. కావున ఆ పలకమీది ఏ రెండు చుక్కలను కలిపిన ఎమ్ పుట్టునో కనుగొనుటకై, మాస్టారు తీగముక్క పట్టుకొని ఒక్కొక్క చుక్కను తాకుచు, ముందు క్యూ పుట్టించి, పిమ్మట కంప్యూటరునే నిద్రపుచ్చి, చివరకు పురిటినొప్పుల ననుభవించినవానివలె చెమటలు గ్రక్కుచు ఎమ్ పుట్టించెను.

ఇక త్రొక్కుటకు పెడలు కావలెను. అది దుకాణములో దొరకునని మీరనవచ్చును. దుకాణము ఆదివారము మూయబడియుండునని మాస్టారనెను. మంచము క్రింద, పాతచీర చుట్టబడి, విశ్రాంతి తీసికొనుచున్నది అత్తగారి కుట్టుమిషను; దాని కాలి పెడలు తీగచుట్టతో సహా ప్రక్కనే పవళించియున్నది. ఆ మంచముమీద అత్తగారు మధ్యాహ్ననిద్ర యందున్నది. ఆ గురక పగటివేళ పిడుగులను పోలియుండ, ఆ పిడుగుకు పిడుగుకు నడిమి నిశ్శబ్దములో కదలక, పిడుగు పడునపుడే ప్రాకుచు, సాలెగూళ్లు మీసములకు చుట్టుకొనగా, భూగోళము మాస్టారు అడిగి తీసికొనవలసినదానిని దొంగిలించి తెచ్చెను. వీరులకును ఇట్టి బుద్ధులు పుట్టుచుండును. ఏమి చేయుదము?

పెడలు లోపలి పాత సరంజామాను ఊడబెరికి, చిన్న స్విచ్చొకటి కూర్చి, పచ్చపలకనుండి రెండు తీగలు తెచ్చి అతికెను. అతుకుటకు కాలిన సోల్డరింగు కడ్డీని ముందుగా తన చూపుడువ్రేలిపై ప్రయోగించి, అది పనిచేయుచున్నదని నిశ్చయించుకొనెను. సాయంకాలమునకు యంత్రము సిద్ధమయ్యెను. దానికి మౌనపాదుక యని నామకరణము చేసెను.

సోమవారము యుద్ధభూమిలో పాదుక తొలి అడుగు వేసెను. అత్తగారు నోరు తెరచిన తోడనే మాస్టారు టప్పున త్రొక్కెను, మైకు మూసికొనెను. ఆమె నోరు మూయగనే మరల త్రొక్కెను, మైకు తెరచికొనెను. ఆహా యని ఆతని హృదయము ఉప్పొంగెను. కాని ఉప్పొంగిన హృదయమునకు లెక్క తెలియదు. అత్తగారు ఒక వాక్యము మధ్య ఊపిరి పీల్చుకొనినపుడు మాట ముగిసినదని ఒకమారు, ముగియలేదని ఒకమారు, సందేహముతో ఒకమారు త్రొక్కి, ఇపుడు మైకు మూసియున్నదో తెరచియున్నదో తనకే తెలియని స్థితికి వచ్చెను. అది చాలదన్నట్లు, పిల్లలతో వ్రాతలు నడుపు చాట్ పెట్టె తెరమీద తెరచియుండ, త్రొక్కిన ప్రతి ఎమ్మును అందులోనే పడి, చీమలబారువలె పాకుచు తరగతి యంతటికిని చేరెను.

“సార్, అన్ని ఎమ్‌లు ఎందుకు? మాన్‌సూన్లా, మౌంటెన్లా?” అని ఒక శ్రద్ధాళువైన బాలిక అడిగెను.

అపుడే అత్తగారు కుర్చీలోనుండి ముందుకు వంగి, బల్ల క్రింద కొట్టుకొనుచున్న అల్లుని పాదమును చూచెను. “అల్లుడుగారూ, మీ కాలికేమన్నా ఒణుకా?” అనెను. పిదప పాదము క్రింద నున్నది చూచెను. “అది నా మిషను పెడలు కాదూ?”

“అరికాలు నొప్పిగా ఉంటే ఆనించుకున్నానండీ” అని మాస్టారు గొణిగెను.

“ఏంటీ?”

ఆనాడు ఇల్లాలికి సెలవు. వంటింటి గుమ్మమున నిలిచి అంతయు చూచుచున్న ఆ సాధ్వి, అబద్ధము అరచి చెప్పుటకంటె నిజము అరచి చెప్పుట తేలికయని తలచి, రెండు చేతులును నోటికి చేర్చి, నిజమునే అరచెను.

“నీ మాటలు వాళ్లకి వినపడకుండా ఆపడానికమ్మా.”

ఆ నిజము వీధికి వినబడెను. మెట్లమీద కూరలు మోసికొని వచ్చుచున్న పక్కవాటా ఆమెకు వినబడెను. మైకు మూసియున్నదని మాస్టారు నమ్మియున్నపుడు అది బార్లా తెరచియుండుటచే, గళ్లలోని పిల్లలందరికిని వినబడెను.

అత్తగారికిని వినబడెను. “అలాగా” అనెను. ఆ మాట ఆమె మెల్లగా అనెను. నిజముగానే మెల్లగా. ఆ ఇంటిలో ఆమె గొంతు అంత చిన్నదిగా ఎవరును ఏనాడును విని యెరుగరు. తరువాత కుర్చీని కిటికీవైపు త్రిప్పుకొని, గదికి వీపు చూపి కూర్చుండెను.

నాటినుండి ఆ నోటినుండి మాట లేదు. ఉప్పు కావలసినచో వ్రేలితో చూపును. చాలునన్నచో అరచేయి అడ్డుపెట్టును. మాస్టారు కోరుకొనిన నిశ్శబ్దము ఆతనికి అడిగినదానికంటె ఎక్కువగనే లభించెను. ఇల్లు రేడియో చెడిపోయిన మంగలిదుకాణమువలె నుండెను. కత్తెర ఆడుచునే యుండును, జుట్టు తెగుచునే యుండును, ఎవరికిని ప్రాణము కుదురుకొనదు.

పాఠము మాత్రము నిరాటంకముగా సాగెను. మూడవవరుస గడిలోని బాలుడొకడు రెప్ప వాల్పక, తల తిప్పక, మునివలె చూచుచుండ, మాస్టారు మురిసి, “చూడండర్రా, శ్రద్ధంటే అదీ” అని తరగతి యంతటికిని చూపెను. తరగతి యంతయు పకపక నవ్వెను. అది బాలుడు కాదు, బాలుని ఫొటో. వాడు దానిని తెరకు తగిలించి ఎప్పుడో ఆటకు పోయినాడు.

“సార్, అమ్మమ్మగారుంటే మొదటి నిమిషంలోనే చెప్పేసేవారు” అని ఎమ్‌ల సంగతి అడిగిన బాలికయే అనెను. “ఊరెళ్లారా సార్?”

“లేదమ్మా, ఇక్కడే ఉన్నారు” అని మాస్టారు పేముకుర్చీ వీపును చూచెను.  గ్లోబును బల్లమీద దించెను.

పాఠము ముగిసిన తరువాత పాదుకను రెండు చేతులతో పట్టుకొని పోయి, ఆమె కుర్చీ ముందర నేలమీద చతికిలబడెను. క్షమాపణము మెల్లగా చెప్పవలసినది. కాని మెల్లగా చెప్పిన ఆమెకు వినబడదు. కావున ప్రపంచచరిత్రలో మిక్కిలి పెద్ద గొంతుతో చెప్పబడిన క్షమాపణలలో ఒకటి ఆ గదిలో వెలువడెను.

“తప్పు నాదే అత్తయ్యగారూ. అడక్కుండా తీశాను. చెప్పకుండా బిగించాను.”

“పోనీలెండి పిన్నిగారూ, అల్లుడే కదా” అని మెట్లమీదినుండి పక్కవాటా ఆమె సిఫారసు చేసెను.

అత్తగారు పెడలును అందుకొనెను. దానిమీది అరిగిన గీతలను బొటనవ్రేలితో తడిమెను. పిదప కుర్చీని గదివైపు త్రిప్పి, వీపు నిటారుగ చేసి, సభాసదులను ఉద్దేశించినట్లు ఇట్లు పలికెను.

“చూడండి బాబూ. మీ పాఠం పాడుచేయాలని నాకేం సరదా కాదు. పొద్దస్తమానం నేను మాట్లాడేది ఆ కిటికీతోనూ, ఆ గళ్లలో పిల్లలతోనూ. వాళ్లు నవ్వుతుంటే పాఠం బాగుందనుకున్నాను, నన్ను చూసి అనుకోలేదు. వద్దంటే మానేస్తాను. కానీ నా నోటికి మూత పెట్టాలంటే ఆ మూత నేనే పెట్టుకుంటాను. ఇంకొకరి కాలు నా నోటి మీద ఉండడం నాకు పడదు. పెడలు నాది. దాని మీద కాలూ నాదే ఉండాలి.”

 ఆమె ఎప్పుడు మాటాడబోవునో లోకములో ఎవరికి ముందుగా తెలియును? ఆమెకే కదా. ఇంత చిన్న సంగతి తట్టక ఇన్ని ఎమ్ములను పుట్టించి చంపితినే యని మాస్టారు తల బాదుకొని, అప్పటికప్పుడే స్క్రూడ్రైవరు నందుకొనెను.

ఈమారు పచ్చపలకకు సెలవిచ్చిరి. మైకు తీగనే నడుమ త్రుంచి పెడలుగుండా నడిపించిరి. త్రొక్కియుంచినంతసేపు మైకు మూగ. కాలు తీసినంతనే మాట. లెక్క పెట్టుకొను బాధ లేదు. అల్లునికి తెలియుటకై కంప్యూటరు నెత్తిన ఒక ఎర్రని చిరుదీపము అమర్చిరి. తొలి ప్రయత్నమున తీగలు తారుమారై, త్రొక్కినచో దీపము ఆరుటయు వదలినచో వెలుగుటయు జరిగెను.

“అంటే అమ్మ ఊరుకున్నప్పుడు మాత్రమే వెలుగుతుందన్నమాట” అని ఇల్లాలు అనెను. “ఉంచేయండి, కరెంటు ఆదా.”

తీగలు మార్చిరి. అంతట మరియొక విఘ్నము. నున్నని నేలపై పెడలు త్రొక్కినకొలది గోడవైపు జారిపోవుచుండ, అత్తగారు కుర్చీలో క్రిందికి క్రిందికి జారి చివరకు గడ్డముమాత్రమే కనబడుచుండెను. అపుడామె మంచము క్రిందినుండి మిషనును తెప్పించి, దుమ్ము దులిపి, చేతిచక్రముతోనే నడిపి, పాత రబ్బరుచాపను కత్తిరించి దళసరిగుడ్డకు చేర్చి, పాదుకకు అంగీ తొడిగెను. పిడుగు పడినను అది కదలదు. మువ్వురును దానిచుట్టు కూర్చుండి కాఫీ త్రాగిరి. అత్తగారు త్రొక్కుచు, వదలుచు, ఎర్రదీపమును చూచి చిన్నపిల్లవలె నవ్వెను.

అంత తల్లిదండ్రుల దినము రానే వచ్చెను.

తెరమీద గళ్లు పుట్టలోని చీమలవలె పెరిగెను. పిల్లల వెనుక తల్లులు, తల్లుల వెనుక తండ్రులు, ఒక గడిలో ఎవరిదో పిల్లి. అందరికిని పైన, బూడిదరంగు కోటు ధరించి, కలము చేతబట్టి, ప్రధానోపాధ్యాయురాలు. మాస్టారు సూర్యుని వెలిగించి భూమిని ఎత్తెను. 

“భూమి తన చుట్టూ తాను తిరుగుతూ” అని ఆతడు ఆరంభించినంతనే ఎర్రదీపము వెలిగెను. “ఆ నీలం చొక్కా ఆయన నిద్రపోతున్నాడు” అని అత్తగారు కంచుకంఠమున ప్రకటించెను. ఎవ్వరును తిరిగి చూడలేదు. ఎవ్వరును నవ్వలేదు. యంత్రము పనిచేసెను. కాని అయ్యో, ఆ గదిలో ఉన్నది ఒక్కటే మైకు. అత్తగారు మూగబోయినపుడు అల్లుడును మూగబోవును. భూమి తన చుట్టూ తాను తిరుగుచు ఏమి చేయునో ఎవరికిని వినబడలేదు.

ఈ సంగతి పాదుకానిర్మాతలలో ఒక్కరికిని ముందుగా తట్టలేదు.  మాస్టారు అంతలో సంగతి గ్రహించి, దీపము వెలిగినపుడు నోరు మూసి, గ్లోబును మెల్లగా త్రిప్పుచు, పిల్లలందరి ముఖములను గంభీరముగా పరికించుటకును, దీపము ఆరినపుడు విడిచిన మాటవద్దనే మరల అందుకొనుటకును సిద్ధపడెను. ఇట్లు అత్త పలుకుచు అల్లుడు ఆగుచు, అత్త ఆగుచు అల్లుడు పలుకుచు, ఒక ఊపిరితో ఇద్దరు సాగించిన ఆ జోడుప్రయాణమును చూచువారు లేరు, ఇల్లాలొక్కతె తప్ప. ఆమె వంటింటి తలుపు చాటున కొంగు నోట కుక్కుకొనియుండెను.

నడుమ ఒకమారు దీపము వెలిగి మరి ఆరలేదు. పిల్లిగల గడిలోని వారి కిటికీతెరలు ఎట్లు కుట్టవలసియుండెనో, ఎట్లు కుట్టిరో, అత్తగారు మొదటినుండి వివరించుచుండెను. మాస్టారు చీకటివైపునుండి వెలుతురువైపునకు భూమిని త్రిప్పుచు నిలిచెను. చెమట చెంపలమీద కాలువలు కట్టెను. తరగతి యంతయు నిశ్శబ్దము. అపుడు, ఏనాడును నోరు విప్పి యెరుగని మూలగడిలోని పిల్ల, ఆ నిద్ర చాలని పిల్ల, మెల్లగా చేయి యెత్తెను.

“సార్, అంటే మనం లేచేటప్పటికి, ఆ వెనకాల వాళ్లు పడుకోవడానికి వెళ్తుంటారా?”

దీపము ఆరెను. “అవునమ్మా” అని మాస్టారు అనెను.  “సరిగ్గా అదే.” ఆ పిల్ల తల్లి వెనుకనుండి వంగి బిడ్డ తల నిమిరెను.

పాఠము ముగిసెను. ప్రధానోపాధ్యాయురాలు కలము మూసి, గొంతు సవరించుకొనెను.

“మాస్టారూ, క్లాసులో మీరు మధ్యమధ్య ఆగి, ఏం మాట్లాడకుండా పిల్లల్ని ఆలోచించుకోనిచ్చారు చూశారూ, అలాంటిది నేనెక్కడా చూడలేదు. చాలామందికి మాట్లాడ్డమే తప్ప ఆగడం రాదు. ఈ క్లాసు మీ దగ్గరే ఉంటుంది. మిగతావాళ్లకి కూడా ఈ పద్ధతి నేర్పించండి.”

సరిగా ఆ మాటల నడుమనే ఎర్రదీపము ధగధగ వెలిగెను. అత్తగారు, పాదుకమీద పాదము దృఢముగా మోపి, కళ్లద్దములు సవరించుకొని, జీవితమంతయు భుజములు కొలిచిన అధికారముతో, వీధిమలుపు మారుమ్రోగునట్లు పలికెను.

“ఆవిడ కోటు ఎడం భుజం అర అంగుళం దిగిపోయింది. కుట్టినవాడు కుట్టాడా, కోపం తీర్చుకున్నాడా?”

మాస్టారు కన్నార్పలేదు. పెదవి కదల్పలేదు. గ్లోబును గుండెకు హత్తుకొని, ప్రధానోపాధ్యాయురాలికి వినయముగా తల వంచెను. తెర చీకటి యయ్యెను.

“వినపడిందా?” అని అత్తగారు ఆత్రముగా అడిగెను.

“లేదత్తయ్యగారూ.”

“ఏంటీ?”

“ఎవరికీ వినపడలేదు అత్తయ్యగారూ” అని మాస్టారు గొంతెత్తి అరచెను.

“నాకు వినపడింది” అని పక్కవాటా ఆమె గోడ అవతలనుండి అనెను.

ఓ జనులారా, రాజ్యములు గెలిచినవారు కలరు, కొండలెక్కినవారు కలరు. వారి కథలు వారివారు చెప్పుకొందురు గాక. పాతపెడలును, తెగిన మైకుతీగయు, చిటికెడు ఎర్రదీపమును ఆయుధములుగా గొని, మహాసభామధ్యమున, పిల్లితో సహా అందరును చెవులప్పగించి యుండగా, నిండుగొంతుతో పలుకబడిన ఒకే ఒక్క మాటను తెరకు ఆవల ఒక్క ప్రాణికైనను వినబడకుండ నిలిపినవారు వీరే. బూడిదరంగు కోటు ఎడమభుజము నేటికిని అర అంగుళము దిగియే యున్నది. ఆ కోటు వేసికొనునామెకు ఆ సంగతి నేటికిని తెలియదు.